పండిన ఆకు, మాడిన ఆకు

రెండేళ్ళ కిందటి మాట. కార్తీకమాసం వెళ్ళిపోయే రోజుల్లో నేను సెలవులకు ఇంటికి పోయేసరికి మా పత్తిచేను ఎర్రబడి ఉంది. ఎక్కడో అంచున నాలుగు మొక్కలు కాదు, రోడ్డు మీద నుంచి చూస్తే చేను చేనంతా కుంకుమ చల్లినట్టుంది. నేలకొండపల్లి అవతల మాకున్న మెట్టలో అప్పటికి ఒక తీత అయింది, రెండో తీతకు కాయ నిండుగా ఉంది. మా నాన్న గట్టు మీద కూర్చొని ఉన్నాడు. "తెగులంటరా! రెండుసార్లు మందు కొట్టినా ఆగట్లేదు" అన్నాడు. పక్కన రెండు ఖాళీ డబ్బాలు. ఒకటి పురుగు మందు, ఒకటి బూజు తెగుళ్ళ మందు. అమ్మిన దుకాణం పేరు ఇక్కడ అనవసరం. ఆ డబ్బాల ఖరీదు, కొట్టిన కూలి కలిపితే రెండో తీతలో మాకు మిగలాల్సిందంతా అందులోనే పోయిందని మాత్రం చెప్పగలను.

నేనప్పుడు బి.యస్సీ. మొదటి సంవత్సరం. "చదివేది చెట్ల చదువే కదా, నువ్వు చెప్పు ఎందుకైందో" అన్నాడు నాన్న. నాకు నోరు పెగల్లేదు. పత్రహరితం తగ్గితే ఆకు రంగు మారుతుంది అన్నాను. "అది నాకూ కనిపిస్తాంది" అన్నాడాయన.

ఆ రోజు చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం. కొంత మా మాస్టార్లను విసిగించి, కొంత లైబ్రరీలో కూర్చొని, కొంత మా చేలోనే తెలుసుకున్నది.

ముందుగా ఒక మాట గురించి చెప్పాలి. మన పాఠ్యపుస్తకాల్లో ఆకు ముసలితనాన్ని జీర్ణత అనీ, వార్ధక్యం అనీ రాస్తారు. కానీ మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో దానికి అంతకంటే మంచి మాటుంది: పండుటాకు. కాయ పండినట్టే ఆకూ పండుతుందని మనవాళ్ళ లెక్క. మా నాయనమ్మ తమలపాకుల కట్ట విప్పి ఒక్కొక్కటే చూస్తూ, ఇది పండింది, ఇది మాడింది అని రెండు కుప్పలు వేస్తుంది. పండింది లేత పసుపుగా, మెత్తగా, ఒక్క తీరుగా ఉంటుంది. మాడింది మచ్చలు మచ్చలుగా, అంచులు పెళుసుగా ఉంటుంది. రెండూ పచ్చదనం పోయిన ఆకులే. అయినా ఆమె రెండింటినీ ఒక కుప్పలో వేయదు. శాస్త్రజ్ఞులు యాభై అరవై ఏళ్ళు శ్రమపడి తేల్చుకున్నది దాదాపుగా ఈ రెండు కుప్పల సంగతే అంటే మీరు నవ్వవచ్చు. నవ్వకుండా కాసేపు వినండి.

ఇనుప నాగలి వానలో వదిలేస్తే తుప్పుపడుతుంది. గాలిలోని ఆక్సిజన్ ఇనుముతో కలవడమే తుప్పు. మరి ఆకు పండటం కూడా ఒకరకం తుప్పేనా? ఈ ప్రశ్న వెర్రి ప్రశ్నేమీ కాదు. 1956లో అమెరికాలో డెన్హమ్ హార్మన్ అనే శాస్త్రజ్ఞుడు జీవులు ముసలివి కావడానికి కారణం ఆక్సిజన్ నుంచి పుట్టే తుంటరి అణువులేనని సిద్ధాంతం చేశాడు. దాన్నే స్వేచ్ఛా రాడికల్ సిద్ధాంతం అంటారు. మనుషుల విషయంలో ఆ సిద్ధాంతం మీద ఇంకా తర్జనభర్జనలున్నాయి. మొక్కల విషయంలో కథ ఇంకొంచెం చిత్రంగా నడిచింది. ఎందుకంటే మనం ఆక్సిజన్‌ను పీల్చుకుంటాం, ఆకు దాన్ని తన ఒంట్లోనే తయారు చేస్తుంది. పట్టపగలు ఎండలో ఆకు లోపల ఉన్నంత ఆక్సిజన్ ఇంకెక్కడ ఉంటుంది? అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో కాపురమున్నట్టన్నమాట.

ఆక్సిజన్ అణువు ఒంటరిగా ఉన్నప్పుడు పెద్దగా హాని చేయదు. దానికి నాలుగు ఎలక్ట్రాన్లు ఒక్కసారిగా అందితే శుభ్రంగా నీరైపోతుంది. మనం ఊపిరి పీల్చినప్పుడు జరిగేది అదే. చిక్కంతా ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటిగా అందినప్పుడు వస్తుంది. ఒకటి అందితే సూపరాక్సైడ్, రెండు అందితే హైడ్రోజన్ పెరాక్సైడ్, మూడు అందితే హైడ్రాక్సిల్ రాడికల్. ఈ మూడోది మహా దుర్మార్గమైనది; పుట్టిన చోటు నుంచి కదలకుండానే పక్కనున్న కొవ్వునో, మాంసకృత్తునో, డి.ఎన్.ఏ.నో కొరికేస్తుంది. ఇవి కాక సింగ్లెట్ ఆక్సిజన్ అని మరొకటి ఉంది. దానికి ఎలక్ట్రాన్ అక్కర్లేదు, వెలుతురు తాగి ఉద్రేకించిన పత్రహరితం తన శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అంటిస్తే అది పుడుతుంది. ఈ గుంపు ఎక్కువై, కణం వాటిని అదుపు చేయలేని స్థితి వస్తే దాన్ని ఆక్సీకరణ ఒత్తిడి అంటారు.

ఆకులో ఇవి ఎక్కడ పుడతాయి? ముఖ్యంగా హరితరేణువులో. 1951లో అలన్ మెహ్లర్ అనే ఆయన హరితరేణువులను బయటికి తీసి, వెలుతురు పెట్టి చూస్తే అవి ఆక్సిజన్‌ను వదలడమే కాదు, కొంత తిరిగి వాడుకుని హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేస్తున్నాయని కనిపెట్టాడు. ఇది ఎందుకు జరుగుతుందో చెప్పడానికి నాకు మా సాగర్ ఎడమ కాలువ కంటే మంచి పోలిక దొరకలేదు. కాలువలో నీళ్ళు వదిలారు. కింద పొలాలు తడుపుకుంటున్నంతసేపు పేచీ లేదు. ఏదో కారణం చేత కింద తూములన్నీ మూసేశారు, పైనుంచి నీళ్ళు మాత్రం ఆగలేదు. ఏమవుతుంది? ఎక్కడో గట్టు బలహీనంగా ఉన్నచోట గండి పడుతుంది. సూర్యకాంతి వదిలే నీళ్ళు ఎలక్ట్రాన్లు. వాటిని వాడుకునే పొలం, బొగ్గుపులుసు వాయువును చక్కెరగా మార్చే పని. నీటి ఎద్దడి వస్తే ఆకు తన పత్రరంధ్రాలు మూసుకుంటుంది, బొగ్గుపులుసు వాయువు లోపలికి రాదు, పొలం తడవదు. ఎండ మాత్రం ఆగదు కదా! పొర్లిన ఎలక్ట్రాన్ పక్కనే దండిగా ఉన్న ఆక్సిజన్ మీద పడుతుంది. పుట్టేది సూపరాక్సైడ్. చలి వచ్చినా ఇదే తీరు: చక్కెర తయారుచేసే ఎంజైములు చలికి మందగిస్తాయి, వెలుతురు పట్టుకునే యంత్రం మాత్రం చలికి మందగించదు.

ఆకు మరీ అమాయకురాలు కాదు. గండి పడితే ఇసుక బస్తాలు వేసే మనుషులను కాపలా పెట్టుకునే ఉంటుంది. 1969లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనే ఇద్దరు సూపరాక్సైడ్‌ను ఖతం చేసే ఎంజైమును కనిపెట్టారు. దాని పేరు సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్. అది సూపరాక్సైడ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. పెరాక్సైడ్‌ను నీరుగానూ ఆక్సిజన్‌గానూ విడగొట్టడానికి పెరాక్సీసోములలో కాటలేజ్ ఉంది. హరితరేణువులో ఆ పని విటమిన్ సి చేస్తుంది. విటమిన్ సి అంటే మనకు నిమ్మకాయ, ఉసిరికాయే గుర్తొస్తాయి కానీ మామూలు పచ్చని ఆకులో కూడా అది దండిగా ఉంటుంది, మన కోసం కాదు, తన కోసం. పొరల్లోని కొవ్వును విటమిన్ ఇ కాపాడుతుంది. పసుపు, నారింజ రంగు కెరోటినాయిడ్లు సింగ్లెట్ ఆక్సిజన్‌ను చల్లార్చుతాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్య ఎ. ఎస్. రాఘవేంద్ర, ఆయన శిష్యులు మరో సంగతి చూపించారు. హరితరేణువులో ఎక్కువైన శక్తిని వదిలించుకోవడానికి పక్కనున్న మైటోకాండ్రియాలు కూడా సాయపడతాయట. మనం క్లాసులో కిరణజన్య సంయోగక్రియ ఒక చాప్టరు, శ్వాసక్రియ ఇంకో చాప్టరు అని విడివిడిగా చదువుతాం. ఆకుకు చాప్టర్లు తెలియవు.

కాటలేజ్ సంగతి మీరే చూడొచ్చు. మన బోటనీ ల్యాబులో నేను, నా పార్ట్‌నరు ఒకే మొక్క నుంచి లేత ఆకు, ముదురు ఆకు, పండుటాకు తెచ్చి, సమాన బరువు తూచి, నూరి, వడగట్టి, మూడు పరీక్షనాళికల్లో పోసి, తలా కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపాం. ముదురు ఆకు రసం సోడా బుడ్డి కొట్టినట్టు నురగ కక్కింది. పండుటాకు రసంలో నురగ బద్ధకంగా లేచి, సగంలోనే ఆగిపోయింది. ఒక్కసారి చేసిన పరీక్షతో ఏదీ రుజువు కాదని మా మేడం రికార్డులో ఎర్ర ఇంకుతో రాశారు. న్యాయమే. కానీ ఆ సగం నురగ దగ్గరే నాకు అసలు అనుమానం మొదలైంది: పండుటాకులో కాపలావాళ్ళు అలిసిపోయారా, లేక వాళ్ళను ఎవరైనా కావాలని ఇంటికి పంపించారా?

ఇక్కడే తుప్పు సిద్ధాంతం తడబడుతుంది. జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో ఉల్రికే జెంట్‌గ్రాఫ్ బృందం ఆవాల జాతికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తోంది. ఆ మొక్క పూతకాడ వేసే సమయానికి ఆకుల్లో ఒక కాటలేజ్ జన్యువు పని తగ్గిపోతుంది. ఎవరూ పాడుచేయలేదు, మొక్కే తన చేత్తో తగ్గించుకుంటుంది. దాంతో కొంతకాలం హైడ్రోజన్ పెరాక్సైడ్ పెరుగుతుంది. ఆ పెరుగుదలను కబురుగా తీసుకొని, ముసలితనాన్ని నడిపించే జన్యువులు మేలుకొంటాయి. కాటలేజ్‌ను తగ్గించే మీట పనిచేయని మొక్కల్లో ఆ పెరాక్సైడ్ పోటు రాలేదు, ఆకులు ఆలస్యంగా పండాయి. అంటే మనం శత్రువు అనుకున్నది ఇక్కడ దండోరా వేసే మనిషి. ఊరికి నిప్పంటుకోవడం వేరు, ఊళ్ళో పొయ్యి వెలిగించడం వేరు.

మరి ఆకు ఎందుకు తనంతట తాను పండాలి? దీనికి జవాబు మా వైపు అడవిలో దొరుకుతుంది. ఖమ్మం దాటి కొత్తగూడెం మీదుగా భద్రాచలం పోయే దారిలో మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి టేకు చెట్లు మోడులైపోతాయి. మోదుగకు ఆకు రాలి ఒళ్ళంతా పూవే ఉంటుంది. ఈ చెట్లకు యూరియా వేసేవాడెవడూ లేడు. ఏటా ఇన్ని ఆకులు పారేసుకుంటూ అవి ఎట్లా బతుకుతున్నాయి? పారేసే ముందు ఖాళీ చేసుకుంటాయి కాబట్టి. ఆకులోని నత్రజనిలో సుమారు సగం, రాలేలోపే కొమ్మకు, బెరడుకు తిరిగి చేరిపోతుంది. ఇల్లు మారేటప్పుడు తలుపులు, కిటికీలు, పెంకులు కూడా పీక్కుపోయే సంసారి లాంటిది చెట్టు. మిగిలేది మట్టిగోడలు, అంటే సెల్యులోజ్.

ఆకులోని నత్రజనిలో ఎక్కువ భాగం హరితరేణువుల్లోనే ఉంటుంది. అందులోనూ రూబిస్కో అనే ఒక్క ఎంజైములోనే వరి, పత్తి, గోధుమ లాంటి మొక్కల్లో దాదాపు నాలుగో వంతు నత్రజని ఉంటుంది. దాన్ని విప్పి తీసుకుపోవాలంటే ముందు దాని చుట్టూ ఉన్న పత్రహరితాన్ని తీసెయ్యాలి. అది చెప్పినంత తేలిక కాదు. పత్రహరితం తన చోట, తన మాంసకృత్తులో బిగించి ఉన్నంతసేపే మంచిది. ఊడిపోయి వెలుతురులో పడిందా, తాగిన శక్తిని ఎక్కడ పెట్టాలో తెలియక ఆక్సిజన్‌కు అంటిస్తుంది, సింగ్లెట్ ఆక్సిజన్ పుడుతుంది, కణం మాడిపోతుంది. అందుకని మొక్క దాన్ని బాంబులను నిర్వీర్యం చేసే పోలీసుల్లాగా వరస తప్పకుండా విప్పుతుంది: ముందు నడిమధ్యనున్న మెగ్నీషియం తీస్తుంది, తోక కత్తిరిస్తుంది, వలయాన్ని తెరుస్తుంది, చివరికి రంగులేని ముక్కలు చేసి కణంలోని రిక్తికలో పారేస్తుంది. భూమి మీద ఏటా సుమారు వంద కోట్ల టన్నుల పత్రహరితం ఇట్లా మాయమవుతుందని అంచనా. అంత పదార్థం ఏమైపోతుందో 1991 దాకా తెలియలేదు. ఆ ఏడాది క్రౌట్లర్, మటీల్ మొదలైనవారు బార్లీ ఆకుల్లో ఆ రంగులేని పదార్థాన్ని పట్టుకుని దాని నిర్మాణం చెప్పారు. పండుటాకు పసుపు రంగు కొత్తగా వచ్చింది కాదని కూడా దీంతో అర్థమవుతుంది. ముందు నుంచీ ఉన్న కెరోటినాయిడ్లే, ఆకుపచ్చ తెర తీసేస్తే కనిపిస్తున్నాయి. వలయం తెరిచే ఎంజైము లోపించిన మొక్కజొన్న మొక్కలున్నాయి. వాటి ఆకులు పండవు, ఎండ తగిలితే మచ్చలు మచ్చలుగా మాడిపోతాయి. మా నాయనమ్మ రెండో కుప్ప.

కాబట్టి పండటం అంటే క్రమంగా సర్దుకుని పోవడం. మాడటం అంటే సర్దుకోకముందే కొంప అంటుకోవడం. ఆక్సీకరణం రెండింటిలోనూ ఉంది, మొదటిదాంట్లో అదుపులో, రెండోదాంట్లో అదుపు తప్పి. వరిలో దీని లెక్క గింజలో కనిపిస్తుంది. పోటాకు, దాని కింది రెండాకులు నిదానంగా పండుతూ ఉంటే గింజ పాలు పోసుకొని గట్టిపడుతుంది. అవే ఆకులు ఎండకో, ఎద్దడికో, సుడిదోమకో మధ్యలోనే మాడిపోతే తాలు మిగులుతుంది.

తునికాకు ఏరేవాళ్ళకు ఆకు వయసు వేళ్ళకే తెలుస్తుంది. మా మేనత్త వాళ్ళ ఊరు పాల్వంచ దాటాక అడవి అంచున ఉంది. వేసవిలో పోతే తెల్లారకముందే అందరూ తునికాకుకు పోయేవాళ్ళు. ఎండాకాలం మొదట్లో పొదలు కొట్టేస్తే కొత్త చివుళ్ళు వస్తాయి, ఆ ఆకే బీడీకి పనికొస్తుంది. లేతది ఎండితే ముడుచుకుపోతుంది, మరీ ముదిరింది పెళుసై విరుగుతుంది. యాభై ఆకులు ఒక కట్ట. ఒకసారి నేను కట్టిన కట్టలో నుంచి మా అత్త ఏడెనిమిది ఆకులు చూడకుండానే, తడిమి, తీసి పారేసింది. కోసిన ఆకుకు తనలో ఉన్నదాన్ని పంపించే దారి లేదు. తిరిగి ఇవ్వడానికి దానికి కొమ్మే లేదు కదా. ఉన్నదున్నట్టు కల్లంలో ఎండిపోతుంది.

అయితే ఆకును ఎంతకాలం పచ్చగా ఉంచితే అంత లాభమా? చాలామంది రైతులు, మందుల ప్రకటనలు కూడా అట్లాగే అనుకుంటాయి. ఇక్కడ తొందరపడకూడదు. 2006లో కాలిఫోర్నియాలో డుబ్కోవ్‌స్కీ, ఉవావ్ మొదలైనవారు అడవి గోధుమలో ఒక జన్యువును కనుక్కున్నారు. అది ఆకును త్వరగా పండిస్తుంది, గింజలో మాంసకృత్తులు, జింకు, ఇనుము పెంచుతుంది. ఆ జాతి జన్యువులను అణచివేస్తే ఆకులు మూడు వారాలకు పైగా ఎక్కువ పచ్చగా ఉన్నాయి, గింజలో ఆ మూడూ 30 శాతానికి పైగా తగ్గాయి. ఆకు పట్టుకు కూర్చుంటే గింజకు చేరదు మరి. ఇంకో విడ్డూరం. మెండల్ బఠానీల్లో పసుపు గింజ, పచ్చ గింజ అని మనం ఇంటర్‌లో పన్నెట్ చదరాలు గీసి గీసి అలిసిపోయాం కదా, ఆ పచ్చ గింజ ఏమిటో 2007లో తేలింది. పండినా పత్రహరితాన్ని విప్పుకోలేని లోపమే అది. ఆ జన్యువు చేసే పని పత్రహరితంలోని మెగ్నీషియం ఊడదీయడమని తర్వాత తెలిసింది. ఆకు పండటం మీద ప్రయోగం చేస్తున్నానని ఆ పాతిరిగారికి తెలియనే తెలియదు.

పచ్చగా ఉండటం మేలు చేసిన ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. పటాన్‌చెరులో 1972లో ఏర్పడ్డ ఇక్రిశాట్‌లో జొన్న మీద పని జరిగింది. యాసంగి జొన్న నేలలో మిగిలిన తేమ మీదే బతకాలి. పూతకొచ్చాక నీరు అయిపోతే ఆకులు మాడి, కర్ర లోపల బొగ్గుకుళ్ళు చేరి, చేను పడిపోతుంది. ఇథియోపియా జొన్న నుంచి వచ్చిన బి-35 అనే రకం మాత్రం ఎద్దడిలోనూ పచ్చగా ఉంటుంది. దాని గుణాన్ని మన రకాల్లోకి ఎక్కించే ప్రయత్నాలు పటాన్‌చెరులో జరిగాయి. దాని రహస్యం చాలావరకు పొదుపే. పటాన్‌చెరులోనూ, ఆస్ట్రేలియాలోనూ చేసిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, ఈ మొక్కలు పూతకు ముందు ఆకు తక్కువ పెంచుకుని, నీళ్ళు తక్కువ తాగి, గింజ కట్టే రోజులకు నేలలో కాస్త తడి మిగుల్చుకుంటాయి. గండి పడ్డాక బస్తాలు వేయడం కంటే గండి పడకుండా చూసుకోవడం. ఎద్దడిని ఇంకో దారిలో ఎదుర్కొనే ప్రయత్నమూ మనవాళ్ళదే ఉంది. ఉస్మానియాలో జన్యుశాస్త్ర ఆచార్యులుగా పనిచేసిన పి. బి. కవి కిశోర్ గారు అమెరికాలో సహచరులతో కలిసి 1995లో ప్రకటించిన పనిలో, పొగాకు మొక్కలో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ తయారయ్యేటట్టు చేస్తే అది ఎద్దడిని మెరుగ్గా తట్టుకుంది.

ఇక మా ఎర్ర పత్తి దగ్గరికొస్తాను.

పత్తిలో ఆకు ఎర్రబడటానికి ఒకటే కారణం ఉండదు. కానీ చాలా కారణాలు ఒకే గండి దగ్గరికి చేరతాయి. మా చేలో ఏం జరిగిందో వెనక్కి తిరిగి లెక్కేసుకుంటే ఇట్లా ఉంది. కాయ ఒక్కసారిగా పట్టింది. హైబ్రిడ్ పత్తిలో అది మామూలే. అన్ని కాయలూ నత్రజని, మెగ్నీషియం, చక్కెర కావాలని కింది ఆకులను పీల్చాయి. మేము యూరియా, పొటాష్ వేశాం గానీ మెగ్నీషియం ఊసే ఎత్తలేదు. పైగా పొటాష్ ఎక్కువైతే వేరు మెగ్నీషియాన్ని సరిగా తీసుకోలేదు. మెగ్నీషియం పత్రహరితం నడిబొడ్డున ఉండటమే కాదు, ఆకులో తయారైన చక్కెరను పోషక కణజాలంలోకి ఎక్కించడానికి కూడా అదే కావాలి. అది తగ్గితే చక్కెర ఆకులోనే పేరుకుపోతుంది. పొలం తడిసిపోయింది, ఇక నీళ్ళు వద్దంటోంది, కాలువ మాత్రం పారుతూనే ఉంది. దాని మీద రాత్రుళ్ళు చలి. పగలు నిగనిగలాడే ఎండ. ఆకు ఏం చేస్తుంది? ఆంథోసయనిన్ అనే ఎర్రరంగును కొత్తగా తయారు చేసుకుని పైపొరల్లో గొడుగులాగా కప్పుకుంటుంది. పసుపు పాతదే, తెర తీస్తే కనిపిస్తుంది అన్నాను కదా, ఎరుపు అట్లా కాదు, అది అప్పటికప్పుడు చేసుకున్నది. కొంత వెలుతురును ఆపుతుంది, కొంత ఆక్సీకరణాన్ని చల్లార్చుతుంది. చేను మీద నాకు కనిపించిన కుంకుమ రోగం కాదు, రోగాన్ని ఆపడానికి మొక్క చేసుకున్న ఏర్పాటు. దాని మీద మేము బూజు మందు కొట్టాం!

గుర్తుపట్టే తీరు కష్టమైందేమీ కాదు, ఎవరో ఒకరు ముందే చెప్పి ఉంటే చాలు. మెగ్నీషియం లోపమైతే కింది ముదురాకుల్లో మొదలవుతుంది, ఈనెలు పచ్చగానే ఉండి, ఈనెల మధ్య ఎర్రబడుతుంది. పచ్చదోమ అయితే ఆకు అంచులు కిందికి ముడుచుకుని, అంచుల నుంచి పసుపై తర్వాత ఎర్రబడతాయి, ఆకు తిప్పి చూస్తే పిల్లపురుగులు అడ్డంగా నడుస్తూ కనిపిస్తాయి. నీళ్ళు నిలిచిన చోటైతే మొక్క మొత్తం వాడుతుంది. మొదటిదానికి లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి, విత్తిన 45 రోజులకు ఒకసారి, 75 రోజులకు ఒకసారి కొట్టమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఎర్రబడ్డాక కొడితే ఎర్రాకు తిరిగి పచ్చబడదు, పై ఆకులు మిగులుతాయి అంతే. చివరి తీత దగ్గర ఎర్రబడితే ఏమీ కొట్టనక్కర్లేదు. అది పండుతోంది, పండనివ్వాలి. ఒక మొక్కకు కాయంతా రాలిపోతే చూడండి, పక్కవన్నీ ఎర్రబడ్డా అదొక్కటే పచ్చగా నిలబడి ఉంటుంది. దానికి అప్పులవాళ్ళు లేరు.

ఆక్సీకరణ ఒత్తిడి అంటే ఏమిటో కళ్ళారా చూడాలంటే మా ఊళ్ళో ల్యాబు అవసరం లేదు, గట్ల మీద కొట్టే గడ్డిమందు చాలు. పారాక్వాట్ 1962లో బజారుకొచ్చింది. అది ఎలక్ట్రాన్లను హరితరేణువు దారిలోనే దొంగిలించి ఆక్సిజన్ చేతికి ఇస్తుంది. ఇచ్చి మళ్ళీ ఖాళీ చేతులతో వెనక్కి వస్తుంది, మళ్ళీ దొంగిలిస్తుంది. ఒక్క అణువు కొన్ని వేలసార్లు తిరగగలదు. కాపలా ఎంజైములు కొట్టుకుపోతాయి. పొద్దున కొడితే ఎండెక్కాక గడ్డి ఉడికినట్టు వాలిపోతుంది. చీకట్లో కొడితే తెల్లారేదాకా ఆగుతుంది, ఎండ పడగానే మొదలవుతుంది. ఆ గడ్డి ఎప్పుడూ పండదు, మాడుతుంది. దానిలోని నత్రజని దానికే దక్కదు.

ఇదే దొంగతనం మనిషి ఊపిరితిత్తుల్లో కూడా జరుగుతుంది. ఊపిరితిత్తులు ఈ మందును ప్రత్యేకంగా పీల్చి దాచుకుంటాయి, అక్కడ ఆక్సిజన్‌కు కొదవలేదు. దీనికి విరుగుడు లేదు. ఊపిరాడని మనిషికి ఆక్సిజన్ పెట్టడం మనకు తెలిసిన వైద్యం. ఈ విషంలో అది కూడా హాని పెంచవచ్చు కాబట్టి డాక్టర్లు వెనకాముందాడతారు. ఈ సంగతి చదివిన వారమే నేను ఇంటికి ఫోన్ చేసి, మిగిలిన గడ్డిమందు కూల్‌డ్రింకు సీసాలో పోసి పెట్టారా అని అడిగాను. పెట్టారు. పశువుల కొట్టంలో, చెల్లికి అందే ఎత్తులో. మా వైపు చాలా ఇళ్ళల్లో అట్లాగే ఉంటుంది. ఈ సావనీరు చదివేవాళ్ళలో సగం మంది పల్లెల నుంచి వచ్చినవాళ్ళే. మీ ఇంట్లో ఎక్కడుందో ఒకసారి కనుక్కోండి. మా నాన్న ఇప్పుడు దాన్ని తెచ్చిన డబ్బాలోనే, తాళంలో పెడుతున్నాడు. కొట్టేటప్పుడు ముక్కుకు తువ్వాల, చేతికి తొడుగు. తువ్వాల చాలదని రోజూ పేచీ పడుతున్నాం.

పోయిన ఏడు పత్తికి మెగ్నీషియం సల్ఫేట్ రెండుసార్లు కొట్టాం. కింది ఆకులు మార్గశిరంలో కాస్త ఎర్రబడ్డాయి గానీ పై ఆకులు నిలిచాయి, రెండో తీత చేతికొచ్చింది. ఒక్క ఏడాది, ఒక్క చేను, పక్కన కొట్టకుండా వదిలిన సాలు కూడా లేదు. మా మేడం ఉంటే మళ్ళీ ఎర్ర ఇంకే. పైగా దక్షిణం మూలన పది పన్నెండు సాళ్ళు మందు కొట్టినా ముందే ఎర్రబడ్డాయి. అక్కడ నేల పల్లం, వాన నీళ్ళు నిలుస్తాయి, వేరుకు గాలాడక అయివుండవచ్చని నా ఊహ. నాన్న మాత్రం అక్కడ ఎప్పుడో ఇటుకబట్టీ ఉండేది, నేలే కాలిపోయిందంటాడు. మొన్న ఇద్దరం కలిసి ఆ మూల మట్టి, మంచి మట్టి రెండు సంచుల్లో విడివిడిగా ఎత్తి పరీక్షకు ఇచ్చి వచ్చాం. ఈసారి నాలుగు సాళ్ళు మందు కొట్టకుండా వదిలేయడానికి కూడా ఒప్పుకున్నాడు, నష్టం నా ఖాతాలో రాసే షరతు మీద.